అంచుకు రెండంగుళాలు

నా పేరు ఓబుళరెడ్డి. కడపలో, బద్వేలు రోడ్డు మీద నాకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ముప్ఫై ఏళ్ళుగా బండలు కొలుస్తున్నాను. టేపు తీయకుండా కంటితో చూసి ఇది నాలుగడుగుల బండ, ఇది మూడుముప్పావు అని చెప్పగలను. పెళ్ళికి పోతే అక్షింతలు వేసే ముందు కల్యాణమండపం నేల చూస్తాను. ఎవరింటికైనా పోతే చెప్పులు విడుస్తూనే అరికాలితో నునుపు చూసి, ఆ ఇంటాయనకు మనసులో మార్కులు వేస్తాను. ఇట్లాంటి మనిషికి కిటికీలకు కర్టెన్లు కొలవడం ఒక పనా అని మీరనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను.

ఇల్లు ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉంది. పదకొండేళ్ళ కిందట కట్టించాను. హాలుకు రోడ్డు వైపు రెండు కిటికీలు. ఒక్కోటి ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. నేల నుంచి అడుగున్నర ఎత్తులోనే మొదలవుతాయి. మేస్త్రీ అప్పుడే అడిగాడు, "ఇంత కిందికి ఎందుకు రెడ్డీ? లోపల కూచున్నోళ్ళంతా రోడ్డుకు కనబడతారు."

"కనబడాల్సింది మనుషులు గాదప్పా, నేల" అన్నాను. ఎంత తెలివైన మాట అన్నానో అని ఆ రోజంతా మురిసిపోయాను కూడా.

హాల్లో పరిచినవి నేను రెండేళ్ళపాటు ఏరి ఏరి పక్కన పెట్టుకున్న నల్ల బండలు. వంగి చూస్తే మీసం దువ్వుకోవచ్చు. రోడ్డేమో తారు మీద తారు పోసి పోసి మా ఇంటికంటే ఎత్తయింది. దాంతో బస్సులో పోయేవాళ్ళకు కూడా మా హాలు కనబడుతుంది. బండలు కొనడానికి ఎవరైనా వస్తే షెడ్డులో నమూనాలు చూపించను. రోడ్డు మీద నిలబెట్టి కిటికీ వైపు చెయ్యి చూపిస్తాను. వాళ్ళు నోరు తెరిచి చూస్తారు. నేను వాళ్ళ నోళ్ళను చూస్తాను.

మా ఆవిడ నాగలక్ష్మమ్మ కర్టెన్లు కావాలని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "నేలకు ముసుగేస్తారా ఎవరన్నా?" అని నవ్వేశాను. మూడుసార్లనేది నా లెక్క. ఆమె లెక్క వేరేగా ఉందని తర్వాత తెలిసింది.

ఈ వేసవి మొదట్లో ఆమెకు కుడి మోకాలు మార్పించాము. పడకగదులు మేడ మీద ఉన్నాయి. మెట్లకు కూడా నా పాలిష్ బండలే వేయించాను కాబట్టి, మంచి కాళ్ళున్నవాళ్ళే వాటి మీద దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కుతారు. కింద హాలు గాక వంటిల్లు, పూజగది మాత్రమే ఉన్నాయి. అందుకని మంచం హాల్లోకి దింపి, గాలి వస్తుందని కిటికీ పక్కన వేశాము.

రోజూ పొద్దున సుజన అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఆమె దగ్గర మోకాలు ఎంత వంగుతోందో చూసే ప్లాస్టిక్ కొలబద్ద ఒకటి ఉంది. మొదటి రోజే నాకు గట్టిగా చెప్పింది.

"ఆరు వారాలకు డాక్టరు చూస్తాడు సార్. అప్పటికి తొంభై డిగ్రీలు వంగాల. వంగకపోతే మళ్ళా మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తాది. నేనొచ్చి ఒక్కసారి చేపిస్తే సాలదు. నేను పోయినాక కూడా అమ్మ రోజుకు నాలుగుసార్లు చేసుకోవాల."

నాగలక్ష్మమ్మ సుజన ఉన్నప్పుడు చేసేది. ఆ అమ్మాయి కిటికీ వైపు వీపు పెట్టి, అడ్డంగా నిలబడి చేయించేది. ఎందుకట్లా నిలబడుతుందో నాకు తోచలేదు. సుజన వెళ్ళిపోగానే మా ఆవిడ చీర పాదాల దాకా లాక్కుని, కాలు కట్టెలా చాపి పడుకునేది. నాలుగు వారాలు దాటినా మోకాలు అరవై ఐదు డిగ్రీల దగ్గరే మొండికేసింది.

అది నొప్పికి భయమని నేను తేల్చేశాను. తేల్చింది నాలో పెట్టుకున్నానా, లేదు. లోడింగు మనుషులకు చెప్పాను, ఫోన్ చేసిన చుట్టాలకు చెప్పాను, పాలు పోసే జీవమ్మకు చెప్పాను. "మా ఇంటామెకు ధైర్యం తక్కువ" అని ఆమె వింటుండగానే చెప్పాను. ఒకరోజు నేనే చేసి చూపిస్తానని హాల్లో నేల మీద వెల్లకిలా పడుకుని, కుడి మోకాలు గుండెల దాకా లాగాను. పిక్క పట్టేసింది. లేవలేక, తిరగలేక, నా నల్ల బండల మీద నేనే ఒక బండలా పడుంటే, ఫ్యాక్టరీలో పాలిష్ మిషను చూసే ఉరుకుందు వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపాడు. నాగలక్ష్మమ్మ ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది. నవ్వాపుకుంటోందని మాత్రం మంచం ఊగడం వల్ల తెలిసింది.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఆపరేషనయిన మొదటి వారంలో మా కూతురు తనూజ, బద్వేలులో టీచరు, సెలవు పెట్టి వచ్చి నాలుగు రోజులుంది. పోయేటప్పుడు రెండు కిటికీల ఊచలకూ దుప్పట్లు కట్టి పోయింది. మరుసటి రోజే హోటలు కడుతున్నవాళ్ళెవరో మైదుకూరు నుంచి నేల చూద్దామని వచ్చారు. దుప్పట్లు విప్పాను. వాళ్ళు వెళ్ళాక తిరిగి కట్టాలన్న సంగతి మర్చిపోయాను. దుప్పట్లను మాత్రం చక్కగా మడిచి బీరువాలో పెట్టాను.

డాక్టరు దగ్గరికి పోవడానికి ఇంక పన్నెండు రోజులుందనగా సుజన నన్ను వాకిట్లోకి పిలిచింది.

"సార్, అమ్మకు భయం గాదు, సిగ్గు. చీర మోకాలి పైకి తీసి చేయాల గదా. రోడ్డు మీద బస్సులు, మీ లోడింగోళ్ళు, మీ కాడికొచ్చేవాళ్ళు. ఎవరు ఎప్పుడు తొంగి చూస్తారోనని ఆమె కాలు కదిలించల్యా. ఈ కిటికీలకు కర్టెన్లు ఏపించండి. ఆమే చేసుకుంటాది."

"ఆ మాట నాతో చెప్పొచ్చు గదా ఆమె?"

"చెప్పినానంది సార్. పదకొండేండ్లుగా చెప్తానే ఉండానంది."

పరాయి అమ్మాయి ముందు పరువు పోయిందని నాకు ముందు కోపం వచ్చింది. సిగ్గుపడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం నాకు బాగా చేతనవును. రెండు రోజుల్లో కర్టెన్లు వేలాడకపోతే నా పేరు ఓబుళరెడ్డి కాదనుకుని, టేపు తీసి కిటికీలు కొలిచి, చీటీ రాసుకుని టౌన్లోకి పోయాను.

కర్టెన్లు కుట్టే దాదాపీర్ నాకు పాత పరిచయమే. వాళ్ళింటికి బండలు నేనే ఇచ్చాను. "రేపు పొద్దున నేనే వచ్చి కొల్చుకుంటాలే రెడ్డన్నా" అన్నాడు. నా ఒళ్ళు మండింది.

"నాకు కొలతలు నేర్పుతావా దాదాపీరూ? కొలిచి కొలిచి నా టేపులో అంకెలే అరిగిపోయినాయి."

అతను సరేనని గుడ్డల నమూనాలు ముందర వేశాడు. బండ మంచిదా, లోపల పగులుందా అని తెలుసుకోవడానికి మేము దాన్ని వేలి ముడితో కొట్టి శబ్దం వింటాము. గుడ్డను కూడా కొట్టాను. దాదాపీర్ చూడనట్టు తల తిప్పుకున్నాడు. పసుపు పూలది, చిలకాకుపచ్చది, వంకాయ రంగుది చూపించాడు. నాకు తెలిసిన రంగు ఒక్కటే. బండ రంగుది, మందంగా ఉన్నది తీసుకున్నాను. నాగలక్ష్మమ్మకు ఏ రంగు ఇష్టమో ఫోన్ చేసి అడగడానికి జేబులో ఫోన్ ఉంది. తోచలేదు.

దాదాపీర్ నా చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు.

"అన్నా, ఇది కిటికీ సైజా, గుడ్డ సైజా?"

"సైజంటే ఒకటే ఉంటాది. రాసినట్టు కత్తిరించు."

"అట్ల గాదన్నా. కుచ్చిళ్ళు పడాలంటే వెడల్పు రెండింతలు తీసుకోవాల. పైన రాడ్డు దూర్చే మడతకు, కింద మడతకు గూడా గుడ్డ పోతాది."

"ఆరడుగుల కిటికీకి పన్నెండడుగుల గుడ్డా? ఎవరికి చెప్తాండావు దాదాపీరూ?"

మా వ్యాపారంలో గది సైజుకు రెండింతలు బండలు కొనమనేవాణ్ణి మోసగాడంటారు. దాదాపీర్‌కు ఈ వయసులో ఈ బుద్ధి ఎందుకు పుట్టిందా అని జాలిపడ్డాను. అతను నా మొహం చూసి, చీటీ చూసి, "మీ ఇష్టం అన్నా" అన్నాడు. తెలిసినవాళ్ళు ఆ మాట ఎప్పుడంటారో నాకు తెలిసుండాల్సింది.

రెండో రోజుకు కర్టెన్లు వచ్చాయి. అప్పటికి పది రోజులు మిగిలాయి. పండగ చేసినట్టు లోడింగు మనుషులందరినీ పిలిచి, ఉరుకుందును నిచ్చెన ఎక్కించాను. రాడ్డు కొక్కేలకు కిటికీ చుట్టూ ఉన్న బండ ఫ్రేముకే రంధ్రం పెట్టమన్నాను.

"బండకు పెడితే పగులుతాది రెడ్డీ. నువ్వే కదా మాకు చెప్పేది" అన్నాడు ఉరుకుందు.

నిజమే. అందుకని ఆరంగుళాలు పైకి జరిపి గోడకు పెట్టించాను. కర్టెన్లు రాడ్డుకు ఎక్కించి, "దింపు" అన్నాను.

దిగాయి. కుచ్చిళ్ళు లేవు, అలలు లేవు. గోడకు ఆరేసిన గోనెపట్టాల్లా బిర్రుగా, పలకల్లా నిలబడ్డాయి. రెండు పక్కలా వెలుతురు గీతలు. అదట్లా ఉంచితే, కిటికీ కింది భాగం రెండు జానల మేర బోసిగా మిగిలిపోయింది. లోడింగు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "బాగుండాది రెడ్డీ, గాలొస్తాది" అన్నాడు ఒకడు, పాపం.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు నిలబడిన చోటే అర్థమైంది. గని నుంచి వచ్చిన బండకు అంచులు సమంగా ఉండవు. అందుకని కొలిచేటప్పుడు ప్రతి అంచుకూ రెండంగుళాలు తీసేసి రాస్తాము. ముప్ఫై ఏళ్ళుగా నా చెయ్యి నన్నడక్కుండానే తీసేస్తుంది. అరవై అంగుళాల కిటికీని యాభై ఆరని రాశాను. దాదాపీర్ మడతలకు ఏడు పోయాయి. కొక్కేలు పైకి జరపడంతో ఇంకో ఆరు. మొత్తం పదిహేడు అంగుళాలు తక్కువ. కిటికీకి కర్టెన్ కుట్టించమంటే దాన్ని బండలాగా కొలిచి, తరుగు కూడా తీసేసిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంతకూ ఆ పదిహేడంగుళాల సందు ఎక్కడుందంటే, సరిగ్గా మంచం ఎత్తులో. మా ఆవిడ పడుకునే చోట. పైకప్పు, ఫ్యాను, గోడ మీది గడియారం, అన్నీ రోడ్డుకు కనబడకుండా దాచాను. ఆమె కాలు తప్ప.

అందరూ బయటికి పోయాక నాగలక్ష్మమ్మ తల తిప్పి కిటికీని చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేల కనబడాలనే పొట్టిగా కుట్టించినావు కదా" అంది. "ఆ మాట ముందే చెప్పుంటే నేనేం అనేదాన్నయ్యా? ఇన్నేండ్లు ఏం అనల్యా కదా."

"దేవుని కడప ఎంకటేశ్వరుని మీద ఒట్టే. అలవాటులో అంచులకు తీసేసినా."

"ఒట్టెందుకులే."

"ఉండు, ఇప్పుడే దుప్పట్లు కడతా."

"కడతావు. ఎవరన్నా వస్తే మళ్ళా విప్పుతావు." ఆ మాట కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఒట్టును నమ్మిందో లేదో తెలియదు కానీ దుప్పటి సంగతిలో నన్ను నమ్మలేదు. ఆమె నమ్మడానికి నేనేం మిగిల్చాను?

అక్కడ ఉండలేక రోడ్డెక్కాను. పదకొండేళ్ళుగా మనుషులను నిలబెట్టి నేల చూపించే చోటే నిలబడ్డాను. పైన బండ రంగు కర్టెన్, కింద సందు. సందులోంచి నా నేల నిగనిగా మెరుస్తోంది. ఆ మెరుపు పక్కన మంచం, మంచం మీద ఆమె పాదాలు, మోకాలి మీద నిలువుగా కుట్లు వేసిన గుర్తు. ఒక్కదాన్నే ఉన్నాననుకుని చీర జరుపుకున్నట్టుంది, కాలు వంచబోయింది. బద్వేలు నుంచి వచ్చే బస్సు హారను కొట్టింది. ఆమె చెయ్యి చటుక్కున చీరను కిందికి లాగేసింది. బస్సు పోయాక కూడా ఆ చెయ్యి అక్కడే, చీర అంచును పట్టుకునే ఉంది.

నాకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. టీవీ హాల్లో ఉంది. ఆమె ఎప్పుడూ వంటింటి గడప దగ్గర కూర్చునే చూసేది. అక్కడ చల్లగా ఉంటుందేమో అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం నడుం వాల్చాలంటే ఎండాకాలంలో కూడా మేడ మీదికి పోయేది. తల ఆరబెట్టుకోవడం పెరట్లో. అన్నం తినడం వంటింట్లో. పదకొండేళ్ళలో ఆ హాల్లో ఆమె కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేనొక్కసారి కూడా చూడలేదు. బండకు వెంట్రుకంత పగులున్నా పట్టుకునే కళ్ళు నావి. నాకు చెప్పలేనంత సిగ్గేసింది, ఈసారి కోపం తోడు రాలేదు.

దాదాపీర్‌కు ఫోన్ చేశాను. ఆ గుడ్డ అయిపోయిందనీ, వేరేది తెప్పించి కుట్టడానికి వారం పడుతుందనీ చెప్పాడు. "ఈసారి నేనొచ్చి కొలవొచ్చా అన్నా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. రమ్మన్నాను, గుడ్డల నమూనాలు ఇంటికే తెచ్చి మా ఇంటామెకు చూపించమన్నాను.

వారమంటే మిగిలిన పది రోజుల్లో ఏడు పోతాయి. దుప్పట్లు ఆమె నమ్మదు. విప్పడానికి వీలుకానిదేదో కావాలి. ఆవరణలో అటూ ఇటూ తిరుగుతుంటే ప్రొద్దుటూరు ఆర్డరుకు పాలిష్ చేసి నిలబెట్టిన నాలుగడుగుల బండలు కనబడ్డాయి.

"ఉరుకుందూ, ఇవి తెచ్చి హాలు కిటికీల ముందర వరసగా నిలబెట్టండి."

"కిటికీలు మూసుకపోతాయి గదా రెడ్డీ?"

"కింద మాత్రమే మూసుకపోతాయి. పైన కర్టెన్లుండాయి, గాలికి ఏం తక్కువ ల్యా."

"ఒగసారి నిలబెట్టినామంటే మళ్ళా తీయాలంటే నలుగురు కావాల సూడు."

"అందుకేనప్పా" అన్నాను.

నలుగురూ కలిసి ఒక్కో బండా మోసుకొచ్చి, కిటికీ ఊచలకు ఆనించి, జారకుండా కింద ఇసుక మూటలు పెట్టారు. పొద్దు గుంకేలోపల రెండు కిటికీల కింది సందులూ మూసుకుపోయాయి. రోడ్డెక్కి చూసుకున్నాను. హాలు లేదు, నేల లేదు, మంచం లేదు. లోపలికి వచ్చాను.

నాగలక్ష్మమ్మ మోచేతి మీద లేచి బండల వెనకవైపు చూస్తోంది. "నున్నని పక్క రోడ్డుకే పెట్టించినావు చూడు" అంది.

పట్టుబడ్డాను. అది కూడా నా చెయ్యి నన్నడక్కుండా చేసిన పనే.

"రేపు ఎవరన్నా నేల చూడాలని వస్తే?" అని అడిగింది.

"నలుగురిని పిలవాల, మూటలు తీయాల, బండలు జరపాల. శానా కష్టమే."

ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. "సరే, తలుపేసి నువ్వు గూడా బయటికి పో" అంది.

"నేనెందుకు?"

"పోతావా, పోవా?"

పోయాను. మూసిన తలుపు అవతల, నా సొంత ఇంటి మెట్ల మీద, పని లేనివాడిలా కూర్చున్నాను. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత మంచం కిర్రుమంది. "అమ్మా" అని ఒక మూలుగు. ఆ తర్వాత, పళ్ళ బిగువున, "ఒకటి" అని లెక్క మొదలైంది. లేచి లోపలికి పోదామనిపించి మళ్ళీ కూర్చున్నాను.

తర్వాతి రోజుల్లో రోజుకు నాలుగుసార్లు నన్ను బయటికి పంపారు. సుజన వస్తే ఐదోసారి. దాదాపీర్ వచ్చి కొలిచి పోయాడు. నాగలక్ష్మమ్మ పసుపు పూలది ఎంచుకుంది, నన్నెవరూ అడగలేదు. మోకాలు అరవై ఐదు నుంచి డెబ్బై రెండుకు, అక్కడి నుంచి ఎనభైకి వచ్చింది. ఎనిమిదో రోజు పొద్దున, కర్టెన్లు ఇంకా రాకముందే, సుజన కొలబద్ద బ్యాగులో పెట్టుకుంటూ వాకిట్లోకి వచ్చి, "ఎనభై ఎనిమిది సార్. ఎల్లుండికి తొంభై దాటుతాది, మత్తు అవసరం రాదు" అని చెప్పింది. ఆమె ముందు ఏడవకూడదని ఉరుకుందును ఎందుకో తిట్టాను.

ఆమె అట్లా పోయిందో లేదో, ఒక కారు వచ్చి రోడ్డు మీద ఆగింది. పోరుమామిళ్ళ వైపు ఇల్లు కడుతున్నాయన, తెల్ల చొక్కా, చేతిలో ప్లాను కాగితం.

"మీ హాల్లో నేల ఈడ నిలబడితేనే కనబడుతుందంటనే. మా బామ్మర్ది చెప్పినాడు. దాన్ని చూద్దామనే ఇంత దూరం వచ్చినామప్పా." కిటికీల వైపు చూసి కళ్ళు చికిలించాడు. "ఏందప్పా, బండలు అడ్డం పెట్టినారు?"

"షెడ్డులో నమూనాలు చూద్దాం రండి" అన్నాను.

"నమూనాలు యాడైనా ఉంటాయి. ఆ బండలు రవ్వంత జరిపించండి, ఒక్క నిమిషం చూసి పోతాము."

"కుదరదప్పా."

"ఎందుకు కుదరదు? లోపల ఏముండాది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర పదకొండేళ్ళుగా తయారుగా ఉన్న జవాబు ఒకటుంది. ఏ గనిలో దొరికింది, ఎన్నిసార్లు పాలిష్ పట్టింది, ఎన్నేళ్ళయినా ఎట్లా మెరుస్తోంది, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్తాను. చెప్పడానికి నోరు తెరిచాను. లోపల్నుంచి "పంతొమ్మిది" అని వినబడింది, కాస్త ఆగి, గట్టిగా, "ఇరవై."

"మా ఇంటామె ఉండాది" అన్నాను.